నాలుగు యాక్సెస్ పాయింట్లు, ఒకే కాలిబ్రేషన్: పలాస జీడి ఫ్యాక్టరీలో ఒక వైఫై కేసు

పలాస-కాశీబుగ్గలో ఒక మధ్యతరహా జీడిపప్పు ఫ్యాక్టరీ. పిక్కలు ఉడికించి పెంకు కొట్టే షెడ్డు ఒకటి, పొట్టు తీసి సైజుల వారీగా వేరుచేసే గ్రేడింగ్ హాలు, గోడౌన్, రోడ్డు వైపు ఆఫీసు గది. ఈ నాలుగు చోట్లా ఒక్కో వైఫై యాక్సెస్ పాయింటు, అంటే వైఫై సిగ్నల్ పంపే డబ్బా. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, నాలుగూ సెకండ్ హ్యాండ్. కొన్నప్పటికే వాటిలో కంపెనీ ఫర్మ్‌వేరు (డబ్బాని నడిపే సాఫ్ట్‌వేరు) బదులు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే లినక్స్ ఫర్మ్‌వేరు వేసి ఉంది. లోపల 2.4 గిగాహెర్ట్జ్‌కి క్యూసీఏ9558, 5 గిగాహెర్ట్జ్‌కి క్యూసీఏ9880 చిప్పులు, 16 ఎంబీ ఫ్లాష్, అంటే కరెంటు పోయినా చెరగని మెమరీ.

గ్రేడింగ్ హాల్లో తూకం వేసేవాళ్ల దగ్గర ట్యాబ్లెట్లు ఉంటాయి. డబ్ల్యూ180, 210, 240, 320 అని గ్రేడు ఎంచుకుని, లాట్ నంబరు తెరిచి, బరువు కొట్టాలి. లాట్ల జాబితా తెరుచుకోవడానికే చక్రం తిరుగుతూ కూర్చునేది. షావుకారు గారి ఫిర్యాదు ఆయన మాటల్లోనే: "ఏటి తమ్ముడూ, గీతలన్నీ నిండుగా ఉన్నాయి, నెట్టు మాత్రం రానేదు. మరి ఈ గీతలెందుకు?"

ఆ ప్రశ్నలోనే సగం కేసు ఉంది. సిగ్నల్ బలంగా ఉండి వేగం లేదంటే దూరం సమస్య కాదు. అయినా నాకంటే ముందు చూసిన ఇద్దరూ రేకుల కప్పునీ, డ్రయ్యర్ ఇనుప ట్రేలనీ తప్పుపట్టి వెళ్లిపోయారు. మన జిల్లాలో వైఫై పనిచేయకపోతే మొదటి ముద్దాయి ఎప్పుడూ రేకుల షెడ్డే. రేకులు సిగ్నల్‌ని అటూ ఇటూ తిప్పి కొడతాయన్నది నిజమే. కానీ అదే రేకుల కింద గోడౌన్‌లోని బాక్సు చక్కగా పనిచేస్తోంది.

అందుకని ముందు గోడౌన్ బాక్సునీ గ్రేడింగ్ హాలు బాక్సునీ చోటు మార్చాను. ఐపీ అడ్రసు, ఛానల్, పవర్ సెట్టింగులు ఏ చోటివి ఆ చోటికే ఉంచి, డబ్బాలు మాత్రమే మార్చడం ఇక్కడ ముఖ్యం. మార్చగానే గ్రేడింగ్ హాలు బాగుపడింది, గోడౌన్ పాడైంది. జబ్బు డబ్బాతో పాటే వచ్చింది. రేకులు నిర్దోషులు.

తర్వాత నెట్‌వర్క్ వేగం కొలిచే ఐపెర్ఫ్‌తో రెండు దిక్కులా విడివిడిగా కొలిచాను. ట్యాబ్లెట్ నుంచి బాక్సుకి వెళ్లే డేటా బాగానే పరిగెడుతోంది. బాక్సు నుంచి ట్యాబ్లెట్‌కి వచ్చేదే నత్తనడక. బాక్సుకి తగులుకున్న ఒక్కో పరికరం రేట్లు చూపించే స్టేషన్ డంప్‌లోనూ అదే కథ: వినే రేటు పైన, చెప్పే రేటు కింద. అంటే బాక్సు చెవి బాగుంది, గొంతు బాగాలేదు. యాంటెన్నా తెగినా, కనెక్టర్ వదులైనా రెండు దిక్కులూ దెబ్బతినాలి. ఒక్క ప్రసారం వైపే తేడా వస్తుంటే సిగ్నల్‌ని పెంచి పంపే పవర్ యాంప్లిఫయరు మీదో, దాన్ని నడిపే లెక్కల మీదో అనుమానం పెట్టుకోవాలి.

ఆ అనుమానం తేల్చడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. తెరమీద 22 డీబీఎమ్ అని ఉన్న ప్రసార శక్తిని 15కి దించాను. మామూలుగా పవర్ తగ్గిస్తే వేగం తగ్గాలి, లేదా దగ్గర్లో ఉన్న ట్యాబ్లెట్‌కి ఏ తేడా తెలియకూడదు. ఇక్కడ వేగం రెట్టింపు దాటింది. యాంప్లిఫయరు తన శక్తికి మించి అరుస్తోందన్నమాట. అరుపు గట్టిగా వినిపిస్తుంది, కాబట్టే గీతలు నిండుగా ఉన్నాయి. మాట మాత్రం అర్థం కాదు. ఈ బాక్సుల 5 గిగాహెర్ట్జ్ వైఫై ప్రమాణం 802.11ఏసీలో అన్నిటికన్నా పై మెట్టు రేటుకి, అంటే ఒక్కో సంకేతంలో ఎక్కువ బిట్లు ఇరికించే 256-క్యూఏఎమ్‌కి, ప్రసారంలో దోషం మైనస్ 32 డెసిబెల్స్ కన్నా తక్కువ ఉండాలి. దాని కింది మెట్టుకి మైనస్ 30. అడుగున ఉండే బీపీఎస్‌కే రేటు మైనస్ 5తోనే సరిపెట్టుకుంటుంది. అందుకే యాంప్లిఫయరు వక్రీకరించడం మొదలుపెట్టగానే ముందు పోయేవి పై రేట్లు. కనెక్షన్ తెగదు, పాకుతూ ఉంటుంది. ఈ రకం జబ్బు ఏళ్ల తరబడి ఎవరికీ దొరక్కుండా ఉండటానికి కారణం ఇదే.

ఇక్కడ కాలిబ్రేషన్ డేటా అంటే ఏమిటో కొంచెం ఆగి చెప్పాలి. ఒకే మోడల్ బాక్సులైనా లోపలి యాంప్లిఫయర్లు అచ్చంగా ఒకలా ఉండవు. ఒకే గెయిన్ సంఖ్య (సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే అంకె) ఇస్తే ఒకటి 17 డీబీఎమ్ పంపితే, పక్కది 20 పంపవచ్చు. అందుకని ఫ్యాక్టరీలో ప్రతి బాక్సునీ కొలిచే యంత్రానికి తగిలించి, ఒక్కో చెయిన్‌కీ (ఒక్కో యాంటెన్నాకి వెళ్లే దారి), బ్యాండు పొడుగునా కొన్ని ఎంపిక చేసిన ఫ్రీక్వెన్సీల దగ్గరా, ఏ గెయిన్‌కి నిజంగా ఎంత శక్తి వస్తోందో కొలిచి రాసిపెడతారు. క్యూసీఏ9558 వాడే ఏఆర్9300 తరహా నిర్మాణం లినక్స్ డ్రైవరు కోడ్‌లో ఎవరైనా చూడవచ్చు. అందులో 2.4 బ్యాండుకి అలాంటి కొలత స్థానాలు 3, 5 బ్యాండుకి 8. వాటితో పాటు ఒక్కో రేటుకి లక్ష్య శక్తి, దేశాల నియమాల ప్రకారం పరిమితులు, ఫ్రీక్వెన్సీ ఇచ్చే క్రిస్టల్‌ని సరిచేసే విలువ, రెగ్యులేటరీ కోడ్, ఒక్కో బాక్సుకి ప్రత్యేకమైన మ్యాక్ అడ్రసు కూడా ఉంటాయి.

ఈ తరహా బోర్డుల్లో ఇవన్నీ ఫ్లాష్ చివరి 64 కేబీలో, ఆర్ట్ అనే పార్టిషన్‌లో (ఫ్లాష్‌లో విడగొట్టిన భాగం) ఉంటాయి. అందులో హెక్స్ 1000 (పదహారు ఆధారంగా రాసే చిరునామా) దగ్గర 2.4 రేడియోది 1,088 బైట్లు, హెక్స్ 5000 దగ్గర 5 రేడియోది 2,116 బైట్లు. మామూలుగా ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అప్‌గ్రేడ్ చేస్తే ఆర్ట్ జోలికి వెళ్లదు. దాన్ని రీడ్-ఓన్లీగా కట్టి ఉంచుతారు.

మరి డ్రైవరు ఏం చేస్తుంది? క్యూసీఏ9880ని నడిపే ఏథ్10కె డ్రైవరు లేవగానే కాలిబ్రేషన్ కోసం ఒక వరుసలో వెతుకుతుంది. ముందు డివైస్ ట్రీలో, అంటే బోర్డులో ఏది ఎక్కడుందో లినక్స్ కెర్నల్‌కి చెప్పే పట్టికలో, ఎన్‌వీమెమ్ సెల్ (ఫ్లాష్‌లో డేటా ఉన్న చోటు గుర్తు) ఉందా అని చూస్తుంది. లేకపోతే ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో ఆ పీసీఐ చిరునామా పేరుతో కాలిబ్రేషన్ ఫైలు ఉందా, అదీ లేకపోతే డివైస్ ట్రీలోనే నేరుగా డేటా పెట్టారా, తర్వాత ఈప్రామ్ అనే చిన్న మెమరీ, అన్నిటికన్నా చివర చిప్పులోనే కాల్చి ఉన్న ఓటీపీ, అంటే ఒక్కసారే రాయగల మెమరీ. ఎక్కడ దొరికితే అక్కడ ఆగుతుంది. ఈ బాక్సుల్లో ఉన్నది కాస్త పాత ఇమేజ్, అంటే పాత ఫర్మ్‌వేరు. డ్రైవరు ఫైలు అడగగానే ఒక హాట్‌ప్లగ్ స్క్రిప్టు లేచి, ఆర్ట్‌లోంచి ఆ 2,116 బైట్లు కోసి ఫైలుగా అందిస్తుంది. కొత్త ఇమేజ్‌లలో ఈ కోత పని లేదు, కెర్నలే ఎన్‌వీమెమ్ ద్వారా పార్టిషన్‌లోంచి నేరుగా చదువుకుంటుంది. నాకు కొత్త పద్ధతే ఇష్టం. స్క్రిప్టు సమయానికి లేస్తుందా లేదా అన్న బెంగ ఉండదు.

కెర్నల్ లాగ్ తెరిస్తే భయపెట్టే వరుస ఒకటి కనిపిస్తుంది: ప్రీ-కాల్ ఫైలు లోడ్ కాలేదు, ఎర్రర్ మైనస్ 2. దాన్ని చూసి చాలామంది కంగారుపడి ఇమేజ్ మళ్లీ వేస్తారు. మైనస్ 2 అంటే అడిగిన ఫైలు లేదని మాత్రమే. క్యూసీఏ9880కి ప్రీ-కాల్ ఫైలు అసలు అవసరమే లేదు, అది తర్వాతి తరం చిప్పులది. చూడాల్సిన వరుస అది కాదు. కొంచెం కిందికి వస్తే హెచ్‌టీటీ వెర్షన్, డబ్ల్యూఎమ్ఐ సంఖ్యల పక్కన "కాల్" అనే మాట, దాని తర్వాత ఫైల్ అనో, ఎన్‌వీమెమ్ అనో, ఓటీపీ అనో ఉంటుంది. డేటా ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేది అదే.

నాలుగు బాక్సుల్లోనూ "కాల్ ఫైల్" అనే ఉంది. డేటా దొరికింది, పొడవు సరిపోయింది, బైట్లు చెడలేదని తేల్చే చెక్‌సమ్ సరిపోయింది. బైట్లని ఉన్నవి ఉన్నట్టు చూపించే హెక్స్‌డంప్‌లో హెక్స్ 5000 దగ్గర మొదటి రెండు బైట్లు 44 08. తిరగేసి చదివితే హెక్స్ 0844, అంటే 2,116. పొడవు రాసే చోట పొడవే ఉంది. ఆర్ట్ చెరిగిపోయి ఉంటే ఆ చోటంతా ఎఫ్‌ఎఫ్‌లతో నిండి ఉండేది. ఇక్కడ అలా లేదు. డ్రైవరు దృష్టిలో నాలుగూ నిక్షేపంగా ఉన్నాయి.

అప్పుడు నాలుగింటి ఆర్ట్ పార్టిషన్‌కీ ఎమ్‌డీ5, అంటే డేటాకి వేలిముద్ర లాంటి సంఖ్య, తీశాను. నాలుగూ ఒకటే.

ఇది జరగడానికి వీల్లేదు. కొలతలు పొరపాటున కలిసినా ఆర్ట్‌లో మ్యాక్ అడ్రసు ఉంటుంది కాబట్టి ప్రపంచంలో ఏ రెండు బాక్సుల ఆర్ట్‌లూ ఒకటి కాకూడదు. బాక్సుల అడుగున కంపెనీ అంటించిన స్టిక్కర్లు చూశాను. నాలుగు స్టిక్కర్ల మీదా నాలుగు వేర్వేరు మ్యాక్‌లు. ఆర్ట్‌లో ఉన్నది మాత్రం ఒకటే, అది గోడౌన్ బాక్సు స్టిక్కర్ మీదిది. అంటే అసలు బాక్సు అది, మిగతా మూడూ దాని నకళ్లు.

అమ్మిన షాపుకి ఫోన్ చేస్తే దాచకుండానే చెప్పారు. ఒక బాక్సులో అన్నీ సరిగ్గా అమర్చి, చిప్పుని నేరుగా చదివి రాసే సీహెచ్341ఏ ప్రోగ్రామర్ పరికరంతో ఫ్లాష్ చిప్పు మొత్తం 16 ఎంబీ చదివి, అదే మిగతావాటిలోకి దించారట. ఒక్కోదానికి వెబ్ పేజీ తెరిచి అప్‌గ్రేడ్ చేయడం కన్నా క్లిప్పు తగిలించి దించడం వాళ్లకి త్వరగా అయిపోతుంది. ప్రోగ్రామర్‌కి రీడ్-ఓన్లీ అన్న మాట తెలియదు. బూట్‌లోడరు, ఫర్మ్‌వేరుతో పాటు ఆర్ట్ కూడా పోయి, దాని చోట గోడౌన్ బాక్సుది వచ్చి కూర్చుంది. చెరిపే ముందు మూడింటి పాత డంపులు దాచారా అని అడిగాను. దాచలేదు.

ఈ సంగతి మొదటి రోజే బయటపడి ఉండాల్సింది. నాలుగూ ఒకే మ్యాక్‌తో ఒకే లాన్‌లోకి రాగానే, తన అడ్రసుతోనే ఎదుటి నుంచి ప్యాకెట్ వచ్చిందని బాక్సులో వైరునీ వైఫైనీ కలిపే బ్రిడ్జి గోల పెడుతుంది. స్విచ్చు ఆ అడ్రసు ఏ పోర్టులో ఉందో తేల్చుకోలేక తికమక పడుతుంది. పాత లాగ్ ఫైళ్లలో ఆ వరుసలు ఉన్నాయి కూడా. అప్పుడు వచ్చిన టెక్నీషియన్ సెట్టింగుల్లో మూడు బాక్సులకీ చేత్తో వేరే మ్యాక్‌లు కొట్టి గోల ఆపేశాడు. లాన్ వరకు అది సరైన మందే. కానీ ఈ డేటా ఫలానా బాక్సుదని పైకి చెప్పే గుర్తు మ్యాక్ ఒక్కటే. దాన్ని పైనుంచి కప్పేశాక, లోపలి కొలతలు పరాయివని చెప్పే ఆధారం బయట ఎక్కడా మిగల్లేదు.

షావుకారు గారికి కొలతలు, చెయిన్లు, గెయిన్లు చెబితే ఎక్కలేదు. గ్రేడింగ్ హాల్లో కాటాలు చూపించాను. తూనికలు కొలతల శాఖ వాళ్లు ప్రతి కాటానీ పరీక్షించి దానికే ముద్ర వేస్తారు. ఒక కాటా సర్టిఫికెట్ జిరాక్స్ తీసి మిగతా మూడింటికీ అంటిస్తే? "కేసు రాసేస్తారు" అన్నారాయన వెంటనే. అక్కడితో ఆయనకి విషయం అందింది.

మూడు నకలు బాక్సులూ మూడు రకాలుగా ప్రవర్తించాయి. ఈ కేసులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. గ్రేడింగ్ హాలుది, పైన చెప్పినట్టు, అతిగా అరిచే బాక్సు. దాని యాంప్లిఫయరు గోడౌన్ దాని కన్నా చురుకైనది, గోడౌన్ పట్టిక చెప్పిన గెయిన్ దానికి ఎక్కువైపోతోంది. కొట్టే షెడ్డుది తిరకాసు: దగ్గర్లో వేగం బ్రహ్మాండం, షెడ్డు చివరికి వెళ్తే సిగ్నల్ లేదు. దాని యాంప్లిఫయరు నీరసమైనది, 22 అని తెర చెబుతుంటే నిజంగా పంపేది అంతకన్నా బాగా తక్కువ. అక్కడ జీడి గింజల ఆవిరి, నూనె పొగ వల్ల యాంటెన్నా పాడైందేమో అని ఫ్యాక్టరీ వాళ్లు ఒకసారి యాంటెన్నాలు కూడా మార్చారు.

ఆఫీసు గదిలో ఉన్న మూడోది నన్ను కాసేపు ఇబ్బంది పెట్టింది. దానికి ఏ జబ్బూ కనిపించలేదు. వేగం, దూరం, రెండు దిక్కులూ గోడౌన్ బాక్సుతో సమానం. ఇది అదృష్టవశాత్తూ దగ్గరి పోలికేమో, ఉంచేయవచ్చా అనిపించింది. అది 36వ ఛానల్‌లో, అంటే 5,180 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తోంది. 149కి, అంటే 5,745కి మార్చి చూస్తే పై రేట్లు మాయం. కొలతలు బ్యాండు పొడుగునా వేర్వేరు చోట్ల తీసినవి కదా, ఒక చివర కలిసినంత మాత్రాన రెండో చివర కలుస్తుందని ఏమీ లేదు. రేపు ఎవరో ఛానల్‌ని ఆటోలో పెడితే ఈ బాక్సు ఒక రోజు బాగుంటుంది, ఒక రోజు బాగుండదు. అలాంటి ఫిర్యాదు కన్నా పూర్తిగా చచ్చిపోయిన బాక్సు నయం.

ఇక వైద్యం. మొదటి ఆశ ఓటీపీ. కొన్ని కార్డుల్లో కాలిబ్రేషన్ చిప్పులోనే కాల్చి ఉంటుంది. అలా ఉంటే ఫైలు అందకుండా చేస్తే చాలు, డ్రైవరు వరుసలో చివరిదాకా వెళ్లి దాన్నే వాడుకుంటుంది. హాట్‌ప్లగ్ స్క్రిప్టు పక్కకి పెట్టి, తీసి ఉంచిన ఫైలు చెరిపి, మాడ్యూల్ మళ్లీ ఎక్కించాను. ఓటీపీ కాలిబ్రేషన్ విఫలమైందని లాగ్‌లో వచ్చింది, రేడియో అసలు లేవలేదు. మూడింటిలోనూ ఇదే. ఆర్ట్ ఉన్న బోర్డుల్లో ఓటీపీ ఖాళీగా వదిలేయడం మామూలే, ఆశ్చర్యం లేదు. ఓటీపీ తప్పాక రేడియో లేవకపోవడమే నాకు నచ్చింది. డేటా లేకపోతే పనిచేయనని చెప్పడం మర్యాద. మీడియాటెక్ చిప్పుల డ్రైవరు ఎమ్‌టీ76లో కొన్ని తరాలకి ఇలా జరిగితే, ఈప్రామ్ లోడ్ కాలేదు కాబట్టి డిఫాల్ట్ ఫైలు వాడుతున్నానని లాగ్‌లో ఒక్క వరుస రాసి ముందుకి పోతుంది. వాడేవాడికి వైఫై వస్తుంది, ఆ వరుస ఎవరూ చదవరు. ఆ చిప్పుల మీద పనిచేసేవాళ్లు ఫ్యాక్టరీ పార్టిషన్ పోయిందేమో చూడాల్సింది ఆ వరుస కోసమే.

రెండో దారి, అదే మోడల్ ఉన్నవాళ్ల దగ్గర ఆర్ట్ అడిగి తెచ్చుకోవడం. దీన్ని సలహాగా ఇచ్చేవాళ్లు ఎందరో. ఇప్పుడు ఉన్న జబ్బే అది, ఇంకో నకలు తెచ్చి వేస్తే ఇంకో రకం జబ్బు వస్తుంది. మ్యాక్ ఒక్కటి మార్చి చెక్‌సమ్ సరిచేస్తే బాగుంటుంది కదా అని ఒక కుర్రాడు అడిగాడు. మార్చవచ్చు. 16 బిట్ల చొప్పున ఎక్స్‌ఓఆర్ చేసే చెక్‌సమ్ అది, ఆరో బైటు నుంచి ఉన్న మ్యాక్ మార్చి రెండో బైటు దగ్గర సంఖ్య సరిచేస్తే ఫర్మ్‌వేర్ ఒప్పుకుంటుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలోనే ఆ పని చేసే ఫంక్షన్ ఉంది, కొన్ని బోర్డులకి అది న్యాయంగా అవసరం కూడా. కానీ దాంతో పేరు మారుతుంది, కొలతలు మారవు.

మూడోది, మళ్లీ కొలవడం. దానికి నమ్మదగ్గ వైఫై టెస్టరు, బయటి సిగ్నళ్లు రాని షీల్డ్ బాక్సు, తయారీదారు కాలిబ్రేషన్ సాఫ్ట్‌వేరు కావాలి. ఆ ఖర్చుతో ఫ్యాక్టరీ మొత్తానికి కొత్త బాక్సులు వస్తాయి.

నాలుగోది, పవర్ తగ్గించి సర్దుకోవడం. గ్రేడింగ్ హాలు బాక్సు 15 దగ్గర బాగానే నడిచింది కదా. షావుకారు గారికి ఇదే నచ్చింది: "పన్జేస్తంది గదా తమ్ముడూ, మరెందుకు మార్చడం?" కొత్తవి వచ్చేదాకా మాత్రమే దానికి ఒప్పుకున్నాను. తెరమీది 15 నిజంగా ఎంతో ఎవరికీ తెలియదు. 5 గిగాహెర్ట్జ్‌లో 5,150 నుంచి 5,350 వరకూ, 5,470 నుంచి 5,875 మెగాహెర్ట్జ్ వరకూ లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని 2018లో కేంద్రం నియమాలు ఇచ్చింది. కానీ అది శక్తి పరిమితులకు లోబడి ఇచ్చిన మినహాయింపు. పట్టిక పరాయిదైనప్పుడు మనం పరిమితిలో ఉన్నామని చెప్పడానికి చేతిలో ఏమీ లేదు. అతిగా అరిచే యాంప్లిఫయరు తన ఛానల్ దాటి పక్క ఛానల్‌లో కూడా చెత్త పోస్తుంది, దాని బాధ పక్క ఫ్యాక్టరీ వాళ్లకి.

చివరికి చేసింది: గ్రేడింగ్ హాలుకి, కొట్టే షెడ్డుకి కొత్త బాక్సులు. గోడౌన్‌ది అక్కడే. నకళ్లు మూడింటిలోనూ రెండు రేడియోలూ ఆపేసి, ఒకదాన్ని ఆఫీసులో బిల్లింగ్ కంప్యూటర్లకి వైరు స్విచ్చుగా పెట్టాం, ఆఫీసు ఫోన్లకి గోడౌన్ బాక్సు అందుతోంది. మిగతా రెండూ అడాప్టర్ల కోసం, యాంటెన్నాల కోసం అలమారలో. 2.4 రేడియో ఎందుకు ఆపారు, అది బాగానే ఉంది కదా అని అడిగారు. అక్కడ మేం వాడే 802.11ఎన్ రేట్లు 64-క్యూఏఎమ్ దగ్గరే ఆగుతాయి కాబట్టి లోపం పైకి కనిపించలేదు, అంతే. హెక్స్ 1000 దగ్గర ఉన్న 1,088 బైట్లు కూడా గోడౌన్‌వే.

కొత్త బాక్సులు పెట్టెలోంచి తీయగానే, ఫర్మ్‌వేరు జోలికి వెళ్లకముందే, ఆర్ట్ 64 కేబీ కాపీ తీసి స్టిక్కర్ మీది మ్యాక్ పేరుతో దాచాను. పక్కనే స్టిక్కర్ ఫొటో, ఎమ్‌డీ5. ఇప్పుడు సెకండ్ హ్యాండ్ బాక్సు కొనేముందు డబ్బు చేతిలోంచి తీయకుండా చూసేది కూడా అదే: ఆర్ట్‌లోని మ్యాక్ కింద స్టిక్కర్‌తో కలుస్తోందా? సెట్టింగుల పేజీలో కనిపించే మ్యాక్‌తో కాదు, దాన్ని ఎవరైనా మార్చి ఉండవచ్చు.

అదే షాపులో, అదే విడతలో కొన్న బాక్సులు మందస వైపు ఇంకో జీడి ఫ్యాక్టరీలో ఉన్నాయని షావుకారు గారే చెప్పారు. అక్కడ కంప్యూటర్ చూసే అబ్బాయికి ఎమ్‌డీ5 ఎలా తీయాలో వాట్సాప్‌లో రాసి పంపాను. మొదటి జవాబు వచ్చింది. సంఖ్య నా నోట్‌బుక్‌లో నాలుగుసార్లు రాసుకున్నదే.